పాలు తాగుతుంటే చెమటలు

ఉత్తరాంధ్రలో గుండెజబ్బు పిల్లల ప్రస్తావన వస్తే మాట ఆపరేషన్ దగ్గరే మొదలై ఆపరేషన్ దగ్గరే ఆగుతుంది. ఎంతవుతుంది, ఎక్కడ చేస్తారు, కార్డు మీద అవుతుందా? ఒకప్పుడు ఈ మూడు ప్రశ్నలే బిడ్డ బతుకు తేల్చేవి. ఇప్పుడు వాటికి చాలావరకు జవాబు దొరుకుతోంది. దొరకనిది మిగతా కాలానికి. బిడ్డ పుట్టిన రోజు నుంచి జబ్బు పేరు తెలిసేదాకా ఒక కాలం, ఆపరేషన్ అయ్యాక ఆ బిడ్డ మళ్లీ మామూలు పిల్లల్లో కలిసేదాకా ఇంకో కాలం. ఆ రెండు కాలాలూ మోసేది తల్లీ తండ్రీ. ఏ వైద్య పథకం లెక్కలోనూ ఆ మోతకు సరైన పద్దు లేదు.

పుట్టే ప్రతి వెయ్యి మందిలో ఎనిమిది తొమ్మిది మందికి గుండె నిర్మాణంలో ఏదో ఒక లోపం ఉంటుందని ప్రపంచమంతటా ఒప్పుకున్న అంచనా. మన దేశంలో ఏటా రెండు లక్షల మందికి పైగా పిల్లలు ఇలా పుడుతున్నారనీ, అందులో అయిదో వంతు మందికి ఏడాది నిండేలోపే చికిత్స కావాలనీ గుండె వైద్యులు లెక్కగడతారు. దీన్ని మన ఊరి కొలతలోకి తెచ్చుకుంటే, నెలకు వంద కాన్పులయ్యే ఆసుపత్రి నుంచి ఏడాదికి పదిమంది. గజపతినగరం, బొండపల్లి, దత్తిరాజేరు, మెంటాడ మండలాల పల్లెల్లో ఇది అరుదైన జబ్బేమీ కాదు. అరుదుగా పట్టుబడే జబ్బు.

పట్టుబడకపోవడానికి డాక్టర్ల నిర్లక్ష్యం ఒక్కటే కారణమనుకుంటే పొరపాటు. కడుపులో ఉన్నన్నాళ్లూ బిడ్డ ఊపిరితిత్తులు పనిచేయవు, రక్తం వాటిని తప్పించుకుని రెండు అడ్డదారుల్లో పోతుంది. పుట్టాక ఆ దారులు వెంటనే మూసుకుపోవు. గుండె నుంచి బయల్దేరే రక్తనాళాలు తారుమారైన బిడ్డ కూడా ఆ దారులు తెరిచి ఉన్నంతసేపు బాగానే కనిపించవచ్చు. రెండో రోజో మూడో రోజో దారి మూసుకుంటుంది, బిడ్డ నీలమైపోతాడు. గుండె కింది గదుల మధ్య పెద్ద కన్నం ఉన్న బిడ్డది దీనికి తిరగబడ్డ కథ. మొదటి వారాల్లో ఊపిరితిత్తుల్లో ఒత్తిడి ఎక్కువ కాబట్టి కన్నంలోంచి రక్తం అంతగా పారదు, స్టెత్‌కు చప్పుడు కూడా వినిపించకపోవచ్చు. నెలా నెలన్నరకు ఒత్తిడి తగ్గి, రక్తం వరదలా ఊపిరితిత్తుల్లో పడుతుంది. అప్పటికి తల్లి ఆసుపత్రిలో ఉండదు. పుట్టింట్లో బాలింత మంచం మీద ఉంటుంది.

అందుకే ఈ జబ్బును ముందుగా చూసేది అమ్మమ్మలు. బిడ్డ రెండు గుక్కలు తాగి వదిలేస్తాడు, రొప్పుతాడు, మళ్లీ పడతాడు, అలిసి నిద్రపోతాడు, అరగంటకు ఆకలికి లేస్తాడు. తాగేటప్పుడు నుదురంతా చెమట. డొక్కలెగరేస్తాడు. బరువు పెరగడు. మాటిమాటికీ నెమ్ము చేస్తుంది. ఇందులో ఏ ఒక్కదాన్నీ అమ్మమ్మ చూడకుండా ఉండదు. చూసినదానికి ఆమె దగ్గరున్న పేర్లు దిష్టి, గాలి సోకడం, పక్షిదోషం, లేదంటే తల్లికి పాలు చాలడం లేదని. తాయెత్తు కట్టడం వల్ల హాని లేదు. తాయెత్తు పనిచేస్తుందేమోనని నెల రోజులు ఆగడం వల్ల ఉంది. పాలు చాలడం లేదన్న మాట ఇంకా చెడ్డది, ఎందుకంటే దాంతో డబ్బాపాలు మొదలవుతాయి, నేరం తల్లి రొమ్ము మీద పడుతుంది.

ఈ దశలో తరచుగా ఇంటికి వచ్చే ప్రభుత్వ మనిషి ఆశా కార్యకర్త. ఆసుపత్రి కాన్పయితే 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఆమె బిడ్డను చూడాలి. పెద్ద కన్నం తన గుట్టు బయటపెట్టే కాలం సరిగ్గా చివరి రెండు సందర్శనలు. రెండు నెలల లోపు బిడ్డ నిమిషానికి 60, అంతకు మించి ఊపిరి తీస్తుంటే ప్రమాదమని ఆమెకు శిక్షణలో చెబుతారు. బరువు తూచడం కూడా ఆమె పనే. లెక్క రాసుకోవడంతో పాటు బిడ్డ పాలు తాగుతున్నప్పుడు పక్కన కూర్చుని చూడటం ఆమె పనిలో చేరితే, నా అంచనాలో ఏ కొత్త యంత్రం కొన్నా రానంత ఫలితం వస్తుంది.

యంత్రం అవసరమైన చోటు ఇంకొకటి ఉంది, అదీ ఖరీదైనది కాదు. కోవిడ్ తర్వాత పల్స్ ఆక్సీమీటర్ తెలియని ఊరు లేదు. పసిబిడ్డకు తగిన ప్రోబ్ తగిలించి, పుట్టిన 24 గంటలు దాటాక కుడిచేతికీ ఒక కాలికీ ఆక్సిజన్ చూడాలి. కనీసం ఒకచోట 95 శాతం, ఆపైన ఉండి, చేతికీ కాలికీ తేడా 3 మించకపోతే పరీక్ష నెగ్గినట్టు. 90 కంటే తక్కువైతే వెంటనే పెద్దాసుపత్రికి. మధ్యలో ఉంటే గంట ఆగి మళ్లీ చూడాలి. అమెరికా 2011లో దీన్ని నవజాత శిశువులందరికీ సిఫారసు చేసిన పరీక్షల జాబితాలో చేర్చింది. అయిదు నిమిషాల పని. ఇది కన్నాలను పట్టుకోదు, ప్రాణం తీసే నీలి జబ్బుల్లో చాలావాటిని పట్టుకుంటుంది. మనకు పాలసీ లేదనలేం. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పుట్టుక నుంచి 18 ఏళ్ల దాకా చూడాల్సిన 30 జబ్బుల్లో పుట్టు గుండెలోపాన్ని చేర్చింది. జాబితాలో ఉండటం వేరు, కాన్పుల వార్డులో ప్రతి బిడ్డ పాదానికీ ప్రోబ్ తగలడం వేరు.

ఇంకా ముందే తెలిసే దారి అయిదో నెల టిఫా స్కాన్. అనుమానం వస్తే కడుపులోని బిడ్డ గుండెకే ఎకో తీస్తారు. లోపం పెద్దదని తేలితే కొందరు గర్భం వద్దనుకుంటారు, కొందరు ఉంచుకుంటారు. ఆ నిర్ణయంలో బయటివాళ్లకు పనిలేదు. ఉంచుకునేవాళ్లకు స్కాన్ ఇచ్చే మేలు మాత్రం గట్టిది. కాన్పు పల్లెలోనో మండల కేంద్రంలోనో కాకుండా గుండె ఆసుపత్రికి దగ్గరలో పెట్టుకోవచ్చు. తారుమారైన నాళాలను సరిచేసే ఆపరేషన్ పుట్టిన మొదటి వారాల్లోనే జరగాలి. అందాకా ఆ అడ్డదారి మూసుకోకుండా ప్రోస్టాగ్లాండిన్ మందు నరంలోకి ఎక్కించాలి. విజయనగరం నుంచి విశాఖకు అంబులెన్సులో ఆ మందు లేకుండా బయల్దేరిన బిడ్డకూ, ఉండి బయల్దేరిన బిడ్డకూ మధ్య తేడా చెప్పనక్కర్లేదు.

జబ్బు పేరు తెలిసిన మరుక్షణం ఇంట్లో విచారణ మొదలవుతుంది. గ్రహణం నాడు బయటికొచ్చిందా, ఏమి తిన్నది, వాళ్ల వంశంలో ఉందా? ఎక్కువమంది పిల్లల్లో కారణం ఫలానా అని ఏ డాక్టరూ చెప్పలేడు. చెప్పగలిగిన కొన్ని ఉన్నాయి. గర్భిణికి మొదటి నెలల్లో రుబెల్లా సోకడం, అదుపులో లేని షుగరు, డౌన్ సిండ్రోమ్. డౌన్ సిండ్రోమ్ పిల్లల్లో దాదాపు సగం మందికి గుండెలోపం ఉంటుంది కాబట్టి వాళ్లందరికీ ఎకో తీయించాలి. రుబెల్లాకు టీకా ఉంది, ఆడపిల్లలకు వేయించడం మన చేతిలో పని. ఇక మేనరికం. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం రక్తసంబంధీకుల పెళ్లిళ్లు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో తమిళనాడు, కర్ణాటకలతో పాటు మనదీ ఒకటి. పావు వంతు పెళ్లిళ్లు అలాంటివే. దక్షిణాదిలో జరిగిన అధ్యయనాలు మేనరికానికీ గుండెలోపాలకూ సంబంధం చూపించాయి. ఇది పెళ్లికి ముందు మాట్లాడుకోవలసిన సంగతి. ఐసీయూ బయట కూర్చున్న తల్లితో మాట్లాడవలసినది కాదు. పైగా మేనరికంలో ఇద్దరిదీ ఒకే వంశం, నింద మాత్రం ఆమె ఒక్కదానికే వస్తుంది!

డబ్బు సంగతి త్వరగా ముగించవచ్చు, ఎందుకంటే ఇదొక్కటే కాస్త బాగుపడింది. ఉమ్మడి రాష్ట్రంలో 2004 తర్వాత పేదపిల్లల గుండె ఆపరేషన్లకు ప్రభుత్వం డబ్బివ్వడం మొదలైంది. ఆ అనుభవం మీదే 2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ వచ్చింది. తొలి విడతకు ఎంచుకున్న మూడు జిల్లాల్లో మహబూబ్‌నగర్, అనంతపురంతో పాటు మన శ్రీకాకుళం ఉంది. ఆ తర్వాత పథకం పేరు ఎన్టీఆర్ వైద్యసేవగా, మళ్లీ ఆరోగ్యశ్రీగా, 2024లో మళ్లీ ఎన్టీఆర్ వైద్యసేవగా మారింది. గోడ మీద ఏ పేరున్నా తల్లిదండ్రులు వెతకాల్సింది ఆసుపత్రి గుమ్మంలో బల్ల వేసుకుని కూర్చునే ఆ పథకం ఉద్యోగిని. అప్పుడే పుట్టిన బిడ్డ పేరు కార్డులో ఉండదని బెంగపడి వెనక్కి రావద్దు. జనన పత్రం, తల్లిదండ్రుల కార్డు, ఆధార్ పట్టుకుని ఆ బల్ల దగ్గరకే వెళ్లాలి.

ఎక్కడికి వెళ్లాలన్నది ఇంకా చిక్కే. గజపతినగరంలో బస్సెక్కితే విజయనగరం, అక్కడ నుంచి విశాఖ. 1923 నాటి కేజీహెచ్, ఆపైన కార్పొరేట్ ఆసుపత్రులు. అయితే పెద్దల గుండెకు స్టెంటు వేసే ప్రతిచోటా మూడు కిలోల బిడ్డ గుండె తెరిచే బృందం ఉండదు. ఏ ఆసుపత్రిలో పసిపిల్లల గుండె సర్జన్, వాళ్లకు మత్తిచ్చే డాక్టర్, వాళ్లకని వేరే ఐసీయూ ఉన్నాయో ముందు అడగాలి. తిరుపతిలో తితిదే నడిపే శ్రీ పద్మావతి చిన్నపిల్లల హృదయాలయం 2021 అక్టోబరు 11న మొదలైంది. పుట్టపర్తి సత్యసాయి ఆసుపత్రి 1991 నుంచి ఉచితంగా చేస్తోంది. విజయవాడలో నటుడు మహేశ్‌బాబు సాయంతో వెయ్యికి పైగా పిల్లలకు ఆపరేషన్లు జరిగాయి.

మనవాళ్లకు అంతగా తోచని దారి ఒకటుంది. గజపతినగరం మీదుగా సాలూరు ఘాటెక్కే రోడ్డు, ఇప్పటి 26వ నంబరు జాతీయ రహదారి, పాత పేరున అయితే 43, నాతవలస నుంచి రాయపూర్ దాకా వేసిన రోడ్డు. ఊరి రైల్వే స్టేషన్ కూడా విజయనగరం–రాయపూర్ లైను మీదే. ఆ చివర నవ రాయపూర్‌లో 2012లో మొదలైన సత్యసాయి సంజీవని ఆసుపత్రిలో పిల్లల గుండెజబ్బులకే వైద్యం, డబ్బు కట్టే కౌంటరే లేదు. చిక్కు భాష. తెలుగు తప్ప రాని తల్లి అక్కడ మూడు వారాలుండటం ఎంత కష్టమో ఊహించవచ్చు. అయినా విశాఖలో తేదీ దొరకనప్పుడు గుర్తుంచుకోవాల్సిన దిక్కు.

తేదీ దొరికేదాకా గడిచే రోజులే అసలు పెంపకం. అన్ని కన్నాలకూ కోత అక్కర్లేదు. చిన్నవి చాలా వాటంతటవే పూడుకుంటాయి. కొన్నింటిని తొడ నరంలోంచి తీగ పంపి మూసేస్తారు. పెద్ద కన్నాన్ని మాత్రం ఆరు నెలలు దాటనివ్వకుండా మూయించుకోవడం మంచిది. ఏళ్ల తరబడి వదిలేస్తే ఊపిరితిత్తుల నాళాలు గట్టిపడి, చివరికి ఆపరేషనే పనికిరాని స్థితి వస్తుంది. “ఇంకా చిన్నపిల్లాడు, కాస్త ఎదగనీ” అనే పెద్దల మాట ఇక్కడ తలకిందులవుతుంది. ఈ బిడ్డ ఎదగకపోవడానికి కారణమే ఆ కన్నం.

అయినా కొంత బరువు పెంచాలి, అదంతా తల్లి పని. పెద్ద గుక్కలు పట్టలేడు కాబట్టి రెండు గంటలకోసారి కొంచెం కొంచెం. రొమ్ము పట్టి అలిసిపోతే పాలు పిండి ఉగ్గుగిన్నెతో. అదీ కాకపోతే ముక్కు గొట్టంతో. పాలలో నూనె చుక్కలు కలిపి బలం పెంచమని డాక్టర్ చెబితే ఆ కొలత తప్పకూడదు. ఒంట్లో నీరు తగ్గించే లాసిక్స్ లాంటి సిరప్పులు మిల్లీలీటరులో భాగాల లెక్కన సిరంజితో పోయాలి, చెంచాతో కాదు. వాంతి చేసుకుంటే మళ్లీ పోయాలా వద్దా అన్నది ముందే అడిగి కాగితం మీద రాయించుకోవాలి. నీలిజబ్బు పిల్లలకు ఇంకో గండం. ఏడ్చి ఏడ్చి హఠాత్తుగా నల్లబడి రొప్పుతారు. అప్పుడు మోకాళ్లు రొమ్ముకు ఆనేలా మడిచి గుండెలకు హత్తుకుని సముదాయించాలి, ఆపైన 108కి ఫోన్ చేయాలి. ఈ ఒక్క భంగిమ ఇంట్లో అందరికీ వచ్చి ఉండాలి, మేనత్తతో సహా.

ఆపరేషన్ చరిత్రలో తల్లిదండ్రుల వాటా మాటవరసకు చెప్పేది కాదు. 1954 మార్చి 26న అమెరికాలో మినసోటా విశ్వవిద్యాలయ ఆసుపత్రిలో వాల్టన్ లిల్లెహై ఏడాది వయసు పిల్లవాడి గుండె తెరిచి కన్నం కుట్టాడు. గుండె, ఊపిరితిత్తుల పని చేసే యంత్రం పసివాళ్లకు ఇంకా నమ్మదగింది కాదు. పక్క బల్ల మీద తండ్రిని పడుకోబెట్టి, ఆయన రక్తనాళాలను బిడ్డ నాళాలతో గొట్టాలతో కలిపారు. ఆపరేషన్ జరిగినంతసేపూ తండ్రి గుండే బిడ్డకు గుండె. కుట్టు నిలిచింది, బిడ్డ మాత్రం పదకొండో రోజున నెమ్ముతో పోయాడు. ఆ పద్ధతిలో జరిగిన 45 ఆపరేషన్లలో 28 మంది బతికి ఇంటికి వెళ్లారు. ఆ యంత్రం ఇప్పుడు మన విశాఖలోనూ ఉంది. తండ్రి చేతికి మిగిలింది సంతకం.

ఆ సంతకం గుడ్డిగా పెట్టవద్దు. 1985లో వాషింగ్టన్‌లో నెలలు నిండకుండా పుట్టిన ఒక బిడ్డకు గుండె దగ్గరి నాళం మూసే ఆపరేషన్ మత్తు లేకుండా చేశారు, కదలకుండా మందిచ్చారంతే. పసివాళ్లకు నొప్పి తెలియదన్నది అప్పటి వైద్యంలో చాలామంది నమ్మకం. బిడ్డ పోయాక తల్లి కాగితాలు అడిగి తీసుకుని చదివి ఆ సంగతి బయటపెట్టింది. అదే రోజుల్లో భారతీయ వైద్యుడు కన్వల్‌జీత్ ఆనంద్, మత్తు సరిగా ఇస్తే అలాంటి బిడ్డలు మెరుగ్గా కోలుకుంటారని ఆక్స్‌ఫర్డ్‌లో రుజువు చేశాడు. 1987లో అమెరికా పిల్లల వైద్యుల సంఘం పసివాళ్లకూ మత్తు ఇవ్వాల్సిందేనని ప్రకటించింది. ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో గుండె ఆపరేషన్లయిన పసివాళ్లు ఇతర చోట్ల కంటే ఎక్కువగా పోతున్నారని తల్లిదండ్రులు పట్టుబడితే 2001లో విచారణ నివేదిక వచ్చింది. ఏడాది లోపు పిల్లల్లో 1991–95 మధ్య 30 నుంచి 35 మంది అదనంగా చనిపోయారని తేల్చింది. ఆసుపత్రులు తమ ఫలితాలను జనం ముందు పెట్టే అలవాటు అక్కడ ఆ తర్వాతే బలపడింది. మన పథకం కూడా, ఎన్ని ఆపరేషన్లు చేశామన్న లెక్కతో పాటు ఎంతమంది బతికి ఇంటికెళ్లారో ఆసుపత్రి వారీగా గోడ మీద అంటించాలి. ప్రజల డబ్బుతో చేసే వైద్యానికి అది న్యాయమైన కోరికే. అందాకా సర్జన్‌ను ఎవరైనా అడగవచ్చు. “ఇలాంటిది ఏడాదికి ఎన్ని చేస్తారు బాబూ, ఎంతమంది బాగుంటారు?” మంచి సర్జన్ దానికి కోపం తెచ్చుకోడు.

ఐసీయూలో గొట్టాల మధ్య పడుకున్న బిడ్డను మొదటిసారి చూసి కళ్లు తిరిగి పడిపోయే తండ్రులుంటారు. నోట్లో వెంటిలేటర్ గొట్టం, రొమ్ములోంచి నీరు పోయే గొట్టాలు, మెడలో సూది. ఏది ఎందుకో ముందు రోజే నర్సమ్మను అడిగి తెలుసుకుంటే భయం సగం తగ్గుతుంది. ఆ రోజుల్లో తల్లి చేయగలిగిన పెద్ద వైద్యం మూడు గంటలకోసారి పాలు పిండటం. బిడ్డకు పట్టకపోయినా పిండాలి, లేకుంటే ఎండిపోతాయి. అందుకు ఒక గది, ఒక కుర్చీ, శుభ్రమైన గిన్నె కావాలి. పచ్చి బాలింత వరండాలో చాప మీద పడుకుని, సాయంత్రం బయటి పంపు దగ్గర కాళ్లు కడుక్కుంటుంటే పాలు ఎక్కడ నుంచి వస్తాయి? ఆపరేషన్‌కు లక్షలు చెల్లించే పథకం తల్లికి మంచం ఇవ్వలేకపోవడం నాకు అర్థం కాని సంగతి.

తండ్రి కూలి సంగతీ అంతే. ఈ ప్రాంతంలో సగం ఊళ్లు హైదరాబాద్, విజయవాడ, చెన్నై పనుల మీద బతుకుతున్నాయి. రక్తం ఇచ్చేవాళ్లను వెతకాలి, మందులకు పరుగెత్తాలి. నెల రోజులు పని మానేస్తే మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు మెడ మీదే ఉంటుంది. ఇంటి దగ్గర పెద్దపిల్ల బడి మానేసి తమ్ముణ్ని చూస్తుంటుంది. 2019లో ఆరోగ్య ఆసరా పేరుతో ఆపరేషన్ తర్వాత విశ్రాంతి కాలానికి రోజుకు 225 రూపాయలు, నెలకు 5 వేలు మించకుండా ఇస్తామని ప్రకటించారు. ఆలోచన మంచిదే. పసిబిడ్డ విషయంలో కూలి పోగొట్టుకునేది తల్లీ తండ్రీ అని గుర్తించి, ఆపరేషన్‌కు ముందు రోజుల్నీ లెక్కలోకి తీసుకోవాలి.

ఆడపిల్లయితే ఈ లెక్కలన్నీ ఇంకా కఠినం. ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు 2011లో అచ్చేసిన అధ్యయనంలో, ఆపరేషన్ చేయించమని చెప్పిన పిల్లల్లో మగపిల్లలకు 70 శాతం మందికి అయింది, ఆడపిల్లలకు 44 శాతం మందికే. రొమ్ము మీద మచ్చ పడితే రేపు పెళ్లెలా అన్నది అందులో ఒక భయం. ఉత్తరాది సంగతి అని కొట్టిపారేయకుండా మన వార్డుల రిజిస్టర్లు తీసి చూస్తే మంచిది.

ఇంటికి తెచ్చాక మన అలవాట్లు కొన్ని ఆరు నుంచి ఎనిమిది వారాలు పక్కన పెట్టాలి. చంకల కింద చేతులేసి బిడ్డను ఎత్తకూడదు, రొమ్ము ఎముక అతుక్కోవాలి. ఒక చెయ్యి మెడ కింద, ఒకటి పిరుదుల కింద. కాళ్ల మీద బోర్లా పడుకోబెట్టి నూనె రాసి నలిపే స్నానం డాక్టర్ సరేననేదాకా వద్దు. సాంబ్రాణి పొగ అసలే వద్దు. టీకాలు మానకూడదు, అయితే రక్తం ఎక్కించిన పిల్లలకు తట్టు, రుబెల్లా టీకా ఎప్పుడో డాక్టర్‌నే అడగాలి. పళ్లొచ్చాక పిప్పి పట్టకుండా చూడాలి, నోటి క్రిములు గుండె గోడ మీద పుండు పెట్టగలవు. జ్వరం నాలుగు రోజులు తగ్గకపోతే ఆర్‌ఎంపీ ఇంజెక్షన్‌తో సరిపెట్టుకోకుండా గుండె కాగితాలు పట్టుకుని పెద్దాసుపత్రికి వెళ్లాలి. ఆ కాగితాలు ప్లాస్టిక్ సంచిలో పెట్టి దాచండి. అన్నింటి కంటే ఎక్కువగా పిల్లలు తప్పుతున్నది తర్వాతి ఎకోల దగ్గరే. ఆడుతున్నాడుగా, ఇంకెందుకు అనిపిస్తుంది. కన్నం మూసిన పిల్లల్లో చాలామంది అందరిలా పరిగెత్తగలరు, పరిగెత్తనివ్వాలి కూడా. నీలిజబ్బుకు ఆపరేషన్ అయినవాళ్లకు మాత్రం పెద్దయ్యాకా చూపించుకునే పని ఉంటుంది.

కొందరు పిల్లలు దక్కరు. అన్నీ సరిగ్గా చేసినా దక్కరు. ఆ తల్లికి “ఇంకొకరు పుడతారులే” అని చెప్పకండి. మరుసటి కాన్పులో ప్రమాదం కొంచెం పెరిగినా, ఎక్కువమందికి ఆరోగ్యంగానే పుడతారనీ, ఈసారి అయిదో నెలలోనే బిడ్డ గుండెకు ఎకో తీయించుకోవచ్చనీ చెప్పవలసింది డాక్టర్.

జిల్లా వైద్యాధికారులకు ఒక విన్నపం. గజపతినగరం ప్రభుత్వాసుపత్రితో మొదలుపెట్టి, కాన్పయ్యే ప్రతిచోటా పసిపిల్లల ప్రోబ్ ఉన్న ఒక ఆక్సీమీటర్ పెట్టించండి. ఆ అంకె రాయకుండా డిశ్చార్జి కాగితం మీద సంతకం పెట్టవద్దని ఆదేశం ఇవ్వండి. ఇది చదివే మీ ఇంట్లోనో వీధిలోనో రెండు నెలల బిడ్డ పాలు తాగుతూ చెమటలు కక్కుతుంటే, దిష్టి తీసిన సాయంత్రమే ఎకో తీసే చోటికి తీసుకెళ్లండి.